మిషన్ మార్చినా మారని షాట్

ఇంట్లో ఎస్‌ప్రెసో మిషన్ పెట్టుకున్నవాళ్ళ ఫిర్యాదు ఎక్కడ విన్నా ఒకటే. నిన్న కాఫీ అద్భుతంగా వచ్చింది, ఇవాళ నోట పెట్టుకోలేకపోతున్నాం. గింజలు అవే, గ్రైండర్ మీద అంకె అదే, తూకం అదే. అయినా నిన్న 28 సెకన్లలో దిగిన షాట్ ఇవాళ 17 సెకన్లకే దిగిపోతుంది. రేపు 45 సెకన్లు తీసుకుని బొట్టు బొట్టుగా కారుతుంది. ఈ ఫిర్యాదుకు సిద్ధంగా ఉన్న జవాబు కూడా ఒకటే: "ఆ ధర మిషన్‌కి అంతే వస్తుంది, పిండి కొద్దీ రొట్టె." షోరూములో అమ్మేవాళ్ళు ఈ మాటే అంటారు. మనకంటే రెండేళ్ళు ముందు మిషన్ కొన్న స్నేహితుడూ ఇదే అంటాడు. కాస్త చెయ్యి తిరిగినవాళ్ళు దీనికి ఇంకో రెండు కలుపుతారు: గట్టిగా నొక్కు, ఇంకా మెత్తగా ఆడించు.

ఈ మూడు సలహాలూ రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాస్తున్నాయని నా వాదన. షాటుకీ షాటుకీ ఇంత తేడా రావడానికి మన వంటిళ్ళలో మొదట అనుమానించాల్సింది మిషన్‌ను కాదు, పొడి నింపే చిల్లుల గిన్నెలో, అంటే బాస్కెట్‌లో, పొడి పరుచుకున్న తీరును. దాన్ని సరిచేయడానికి కావలసింది లక్ష రూపాయల యంత్రం కాదు, నాలుగైదు సన్నని సూదులు, పావు నిమిషం ఓపిక. ఇంత చవక మందు ఎవరి లెక్కలోకీ రాదు. చవకది పనిచేస్తుందని నమ్మడానికి మనకు మనసొప్పదు, అమ్మేవాళ్ళకు లాభం ఉండదు.

ముందు బాస్కెట్‌లోకి దగ్గరగా తొంగిచూద్దాం. గ్రైండర్ మూతి నుంచి పొడి బాస్కెట్ అంతటా సమంగా రాలదు. పడ్డచోటే పడి మధ్యలో కుప్ప పోస్తుంది, లేదంటే ఒక పక్కకి ఒరిగి గుట్టవుతుంది. ఆ గుట్టలో విడివిడి పొడి మాత్రమే ఉండదు, మిరియపు గింజంత ఉండలు కూడా ఉంటాయి. వేలితో తాకితే చిదిగిపోయే ఉండలే అవి. కానీ పొడిని నొక్కే ట్యాంపర్ వాటిని విడదీయదు, ఉన్నచోటే అణిచి గట్టిపరుస్తుంది. ఉండకీ ఉండకీ మధ్య ఖాళీలు అలాగే మిగులుతాయి. నొక్కడం అయ్యాక పైనుంచి చూస్తే బిళ్ళకట్టిన పొడి నున్నగా, తీర్చి దిద్దినట్టు కనిపిస్తుంది. అందరినీ మోసం చేసేది ఆ నునుపే. పైన సమతలం, లోపల ఎగుడుదిగుడు. కుప్ప ఉన్నచోట పొడి ఎక్కువ కాబట్టి బిగువు, లేనిచోట తక్కువ కాబట్టి వదులు. గుట్ట ఏ పక్కకి ఒరిగింది, ఉండలు ఎక్కడ పడ్డాయి అన్నది రోజుకో రకం. 28, 17, 45 సెకన్ల కథ అక్కడే మొదలవుతుంది.

ఈ బిళ్ళ మీదికి మిషన్ 9 బార్ల పీడనంతో నీటిని తోస్తుంది. వాతావరణ పీడనానికి దాదాపు తొమ్మిది రెట్లు. నీరు పల్లమెరుగు అని మన పెద్దలు అన్నారు, పీడనం తోడైతే నీరు పల్లమే కాదు, సందు కూడా ఎరుగుతుంది. వదులుగా ఉన్న చోటు దొరికిన మరుక్షణం అటు పరుగెడుతుంది. వరి మడి గట్టులో ఎలుక బొరియ వేలెడంతే ఉంటుంది, చూసీ చూడనట్టు వదిలేస్తే తెల్లారేసరికి గట్టుకు గండి పడుతుంది. బిళ్ళలో జరిగేదీ ఇదే. ఇక్కడ తెల్లారే దాకా ఆగనక్కర్లేదు, పది సెకన్లు చాలు. నీరు పోయిన దారిలో పొడి త్వరగా కరుగుతుంది, కరిగిన కొద్దీ దారి వెడల్పవుతుంది, వెడల్పైన కొద్దీ ఇంకా ఎక్కువ నీరు అటే పోతుంది. ఇంగ్లండులో హడర్స్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం గణితజ్ఞులు 2023లో ప్రచురించిన నమూనా సరిగ్గా దీన్నే లెక్క కట్టి చూపింది. బిళ్ళలో రెండు భాగాల మధ్య వదులులో చిన్న తేడా ఉన్నా చాలు, కాఫీ దిగుతున్న కొద్దీ ఆ తేడా తనంతట తానే పెరుగుతూ పోతుంది.

ఎంత వేగంగా పెరుగుతుందో ఊహించడానికి భౌతికశాస్త్రంలో పాత సూత్రం ఒకటి ఉంది. రక్తం నాళాల్లో ఎలా పారుతుందో తెలుసుకోవాలని 19వ శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు ప్వాజయ్ సన్నని గొట్టాలతో ప్రయోగాలు చేశాడు. గొట్టం వ్యాసార్థం రెండింతలైతే, అదే పీడనానికి ద్రవం పదహారింతలు పారుతుందని తేల్చాడు. బిళ్ళలో పడిన గండి తిన్నని గొట్టం కాదు, నిజమే. కానీ సన్నని సందు కాస్త వెడల్పైతే నీటి పరుగు ఎంత ఎక్కువవుతుందో అర్థం కావడానికి ఆ లెక్క చాలు.

నాలుకకు దీని ఫలితం తెలుస్తూనే ఉంటుంది. గండి దారిలో ఉన్న పొడి నుంచి నీరు కావలసినదీ అక్కర్లేనిదీ అంతా పిండేస్తుంది, అది చేదు, వగరు. మిగతా బిళ్ళ సగం తడిసి ఊరుకుంటుంది, అది పులుపు. రెండూ ఒకే కప్పులో కలిస్తే పులుపూ చేదూ ఏకకాలంలో తగిలే ఆ విచిత్రమైన రుచి వస్తుంది. ఇంట్లో ఎస్‌ప్రెసో తాగేవాళ్ళలో ఈ రుచి ఎరగనివారు లేరు. దీనికి గింజల్ని నిందిస్తాం, వేపినవాణ్ణి నిందిస్తాం, చివరకు మిషన్‌ను నిందిస్తాం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఇప్పుడు ఆ మూడు సలహాలనూ ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, గట్టిగా నొక్కమనేది. 30 పౌండ్ల బరువుతో, అంటే పదమూడున్నర కిలోల బలంతో నొక్కాలన్న మాట ఏళ్ళ తరబడి మంత్రంలా నడిచింది. బాత్రూమ్ తూకం మీద బాస్కెట్ బిగించే పిడిని, అంటే పోర్టాఫిల్టర్‌ను, పెట్టి చెయ్యి అలవాటు చేసుకున్నవాళ్ళున్నారు. ఇక్కడ కాస్త గుణకారం చేద్దాం. 58 మిల్లీమీటర్ల బాస్కెట్ వైశాల్యం సుమారు 26 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 9 బార్ల నీరు మోపే బలం దాదాపు 240 కిలోలు. మీరు 13 కిలోలతో నొక్కారా, 20 కిలోలతో నొక్కారా అన్న తేడా ఆ 240 ముందు ఎంత? పొడి రేణువులు ఒకదానికొకటి ఆనుకుని ఇక అణగని స్థితికి వచ్చాక అదనంగా పెట్టే బలమంతా చేతి నొప్పికే. పైగా బలం పెట్టేవాడి మణికట్టు ఒక పక్కకి వాలుతుంది, బిళ్ళ ఏటవాలుగా వస్తుంది, గండికి మనమే చోటు చూపించినట్టవుతుంది. లోపల పొడి సమంగా లేనప్పుడు గట్టిగా నొక్కితే ఆ అసమానత పోదు, మరింత గట్టిపడుతుంది.

రెండోది, మెత్తగా ఆడించమనేది. ఇది వినడానికి సబబుగానే ఉంటుంది. షాట్ 17 సెకన్లలో దిగిపోయిందంటే పొడి బరకగా ఉందన్నమాట, ఇంకాస్త మెత్తగా ఆడిస్తే సరి. గండి పడని బిళ్ళకు ఈ మాట నిజం. గండి పడిన బిళ్ళకు ఇదే మాట ఉచ్చు. 17 సెకన్లకు కారణం గండి అయినప్పుడు మీరు గ్రైండర్‌ను ఒక గీత మెత్తకి తిప్పుతారు. మర్నాడు అదృష్టవశాత్తూ పొడి కాస్త సమంగా పడుతుంది, మెత్తదనం వల్ల షాట్ 45 సెకన్లకు వెళుతుంది. మళ్ళీ బరకకి తిప్పుతారు. ఎల్లుండి మళ్ళీ గండి. గ్రైండర్ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, పొట్లం అయిపోతుంది, సరైన గీత ఏదో ఎప్పటికీ తేలదు. మారుతున్నవి రెండుంటే ఒక్కదాన్నే సర్దుతూ కూర్చోవడం ఇది. పైగా పొడి మెత్తనయ్యే కొద్దీ ఉండలు కట్టే గుణం పెరుగుతుంది, గండి పడే అవకాశమూ పెరుగుతుంది. మందే రోగాన్ని పెంచుతుంది.

దీనికి ప్రయోగశాల సాక్ష్యం కూడా ఉంది. 2020లో 'మ్యాటర్' పత్రికలో గణితజ్ఞుడు జేమీ ఫాస్టర్, రసాయన శాస్త్రవేత్త క్రిస్టఫర్ హెండన్, బరిస్తా మైకేల్ కామెరన్ తదితరులు ఒక పరిశోధనా పత్రం వేశారు. పొడిని మెత్తన చేసిన కొద్దీ నీటికి దొరికే ఉపరితలం పెరుగుతుంది కాబట్టి కాఫీ ఇంకా ఎక్కువ దిగాలి కదా. ఒక హద్దు దాకా అలాగే జరిగింది. హద్దు దాటాక తగ్గడం మొదలైంది, షాటుకీ షాటుకీ తేడా కూడా పెరిగింది. బిళ్ళలో కొంత భాగం మూసుకుపోయి నీరు మిగతా భాగం గుండానే పోతోందన్నది వారి వివరణ. వారు సూచించిన మందు సూది కాదు. పొడిని కాస్త బరకగా ఆడించి, మోతాదును 20 గ్రాముల నుంచి 15కి తగ్గించమన్నారు. మందు వేరైనా వారు పట్టుకున్న రోగం మాత్రం ఇదే: నీరు బిళ్ళ అంతటా సమంగా పోకపోవడం.

మూడోదీ అన్నిటికంటే ఖరీదైనదీ, మిషన్ మార్చమనేది. మిషన్ చేసే పనేమిటో చరిత్రలోంచి చూస్తే ఈ సలహా డొల్లతనం బయటపడుతుంది. 1901లో మిలన్‌లో లుయీజీ బెజ్జెరా పేటెంట్ తీసుకున్న యంత్రం ఆవిరి పీడనంతో నడిచేది, ఆ పీడనం ఒకటిన్నర బార్ల దరిదాపు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అకీల్లె గాజ్జా స్ప్రింగ్ లివర్‌తో పీడనాన్ని అనేక రెట్లు పెంచాడు, కప్పు మీద బంగారు రంగు నురగ, అంటే క్రీమా, అప్పుడే మొదటిసారి కనిపించింది. 1961లో ఫయేమా సంస్థ ఈ61 అనే మిషన్‌లో మోటారు పంపు పెట్టింది. చేతి బలంతో పని లేకుండా 9 బార్లు నిలకడగా అందాయి. అంటే నీటిని కావలసిన పీడనంతో తోయడం అరవై ఏళ్ళ కిందటే తేలిపోయిన సమస్య. ఇవాళ మామూలు ధర మిషన్‌లో ఉన్న చిన్న పంపు కూడా ఆ పని చేయగలదు. పెట్టె మీద '15 బార్లు', '20 బార్లు' అని పెద్ద అక్షరాల్లో వేసేది పంపు గరిష్ఠ శక్తి మాత్రమే, మంచి కాఫీకి అంత పీడనం అక్కర్లేదు. బిళ్ళలో బలహీనత ఉంటే పీడనం పెరిగిన కొద్దీ గండి ఇంకా త్వరగా పడుతుంది.

ఖరీదైన మిషన్ ఏమీ ఇవ్వదని నేననడం లేదు. నీటి వేడి నిలకడగా ఉంటుంది, పాలు కాచే ఆవిరి బలంగా వస్తుంది. మొదట కొద్ది నీటితో బిళ్ళను నెమ్మదిగా తడిపి తర్వాత పీడనం పెంచే సదుపాయం కొన్నింటిలో ఉంటుంది, అది గండ్లను కొంత తగ్గిస్తుంది కూడా. కానీ బాస్కెట్‌లో ఒక పక్క గుట్టా ఒక పక్క గుంటా ఉంటే దాన్ని సరిచేసే మిషన్ ఏ ధరలోనూ లేదు. పొడి పోసేది మీరు, నొక్కేది మీరు. మిషన్‌కి ఆ బిళ్ళ దక్కేసరికే సగం తీర్పు అయిపోయి ఉంటుంది.

ఇక సూది సంగతి. 2005లో అమెరికాలో జాన్ వైస్ అనే కాఫీ ప్రియుడు దీన్ని ఇంటి కాఫీవాళ్ళకు పరిచయం చేశాడు. ఆయన చేసింది చాలా చిన్న పని. అడుగు కోసేసిన పెరుగు కప్పును బాస్కెట్ మీద గరాటులా పెట్టి, పొడి పోసి, జీవశాస్త్రం ల్యాబుల్లో వాడే సూదితో అడుగు నుంచి పైదాకా కలిపాడు. ఉండలు విడిపోయాయి, గుట్ట చదునైంది. ఆయన పేరు మీదే దాన్ని వైస్ డిస్ట్రిబ్యూషన్ టెక్నిక్ అంటున్నారు. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో డబ్ల్యూడీటీ.

ఈ పద్ధతిని ఎగతాళి చేసేవాళ్ళ దగ్గర పెద్ద బాణం ఒకటి ఉంది: "ఇటలీలో ఎవరైనా సూదితో గెలుకుతున్నారా? వాళ్ళకు తెలియనిది మీకు తెలిసిందా?" వినడానికి ఘాటుగా ఉన్న ఈ ప్రశ్న ఇటలీ కాఫీ బారును సరిగా చూడనివాళ్ళు వేసేది. అక్కడి సంప్రదాయ గ్రైండర్‌కి ముందు భాగంలో డోజర్ అనే గుండ్రటి అర ఉంటుంది. పొడి నేరుగా పోర్టాఫిల్టర్‌లోకి రాదు, ముందు అందులో పడుతుంది. పక్కనున్న మీట లాగినప్పుడల్లా లోపలి రెక్కలు పొడిని తోసి, చెదరగొట్టి కిందికి వదులుతాయి. టకటకమని మీట లాగే ఆ చప్పుడు ఇటలీ బారులో పొద్దున్నుంచి వినిపిస్తూనే ఉంటుంది. అంటే ఉండలు విడగొట్టే పని వాళ్ళు మానలేదు, ఆ పని వాళ్ళ గ్రైండరే చేసిపెడుతోంది. ఇంట్లో వాడే చిన్న గ్రైండర్లలో చాలావాటికి ఆ అర లేదు, పొడి ఉండలతో సహా నేరుగా బాస్కెట్‌లో పడుతుంది. పోయిన అర స్థానంలో వచ్చిందే సూది.

పైగా అక్కడి బారు లెక్క వేరు. సింగిల్ షాటుకు 7 గ్రాముల పొడి, బాగా వేపిన గింజలు, చాలాచోట్ల రొబస్టా కలిసిన మిశ్రమం, రోజంతా ఆగకుండా ఆడే గ్రైండర్, రోజుకు వందల కప్పులు తీసే చెయ్యి. మనది పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తీసే వంటిల్లు. గింజలు తరచు తక్కువ వేపినవి, మోతాదు 18 గ్రాములు, దిగాల్సింది 36 గ్రాములు. మిషన్ చల్లబడి వేడెక్కే మధ్యలో గింజలు మారతాయి, వాన పడితే గాలిలో తేమ మారుతుంది. వాళ్ళ నిలకడ వాళ్ళకు అలవాటు నుంచి, రద్దీ నుంచి వస్తుంది. మనకు ఆ రెండూ లేవు కనుక పద్ధతి నుంచి తెచ్చుకోవాలి.

ఇక్కడ మన సొంత అలవాటు కూడా మనల్ని తప్పుదారి పట్టిస్తోందని నా అనుమానం. తెలుగు ఇళ్ళల్లో కాఫీ అంటే తరతరాలుగా ఫిల్టర్ కాఫీ. పై గిన్నెలో పొడి వేసి, గొడుగులాంటి బిళ్ళతో మెల్లగా అదిమి, మరిగిన నీళ్ళు పోసి వదిలేస్తే డికాక్షన్ తన దారిన తాను దిగుతుంది. మరీ అదిమితే దిగదు, మరీ వదిలేస్తే పలచనవుతుంది. ఇంతకు మించి ఎవరూ ఆలోచించనక్కర్లేదు. అక్కడ నీటిని లాగేది భూమ్యాకర్షణ ఒక్కటే, సమయం పావుగంటకు తక్కువ కాదు. పొడి కాస్త అటూ ఇటూ ఉన్నా నీరు నానబెట్టి సర్దుకుంటుంది. ఎస్‌ప్రెసోలో నీటికి ఆ తీరిక లేదు, అరనిమిషంలో పని ముగించాలి. ఫిల్టర్ దగ్గర క్షమించిన తప్పును తొమ్మిది బార్ల పీడనం క్షమించదు. ఫిల్టర్ అలవాటు పడ్డ చెయ్యి పొడి పోసి, అదిమి, తన పని అయిపోయిందనుకుంటుంది. అసలు పని ఆ రెండింటి మధ్యలో ఉంది.

ఆ పని ఎలా చేయాలి? సూది సన్నగా ఉండాలి, 0.3 లేదా 0.4 మిల్లీమీటర్ల మందం. ఆక్యుపంక్చర్ సూదులు సరిపోతాయి, త్రీడీ ప్రింటర్ మూతి శుభ్రం చేసే సూదులూ సరిపోతాయి. నాలుగైదింటిని సీసా బెండులో కాస్త ఎడంగా గుచ్చితే పనిముట్టు తయారు. టూత్‌పిక్, పిన్నీసు, ఫోర్కు పనికిరావు. మందంగా ఉన్నవి పొడిని విడదీయవు, చాళ్ళు తీస్తాయి. పొడి బయటికి ఒలకకుండా బాస్కెట్ మీద ఒక రింగు పెట్టండి. సూదుల్ని అడుగు తగిలేదాకా దించి, చిన్న చిన్న వలయాలుగా అంచు నుంచి మధ్యకి, మధ్య నుంచి అంచుకి తిప్పండి. అందరూ పొరబడేది ఇక్కడే. పైపైన గీకి వదిలేస్తారు, అడుగున ఉండలు అలాగే ఉంటాయి. అడుగు విడిపోయాక సూదుల్ని మెల్లగా పైకి తెస్తూ చివర్లో ఉపరితలాన్ని చదును చేయండి. పోర్టాఫిల్టర్‌ను బల్ల మీద ఒక్కసారి మెల్లగా తట్టండి, ట్యాంపర్‌ను నిటారుగా పెట్టి ఒక్కసారి నొక్కండి. నొక్కాక మళ్ళీ పక్కల తట్టకండి, బిళ్ళ గోడ వదిలేస్తుంది, అంచు వెంట గండి పడుతుంది.

మార్కెట్లో పొడి మీద పెట్టి గిరగిరా తిప్పే లోహపు చక్రాలు దొరుకుతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, వేలల్లో ధర. అవి పై పొరను చక్కగా చదును చేస్తాయి, అడుగును ముట్టుకోవు. పొడి అప్పటికే సమంగా ఉంటే మంచిదే, లేకపోతే లోపలి గుట్టను నున్నటి పైకప్పు కింద దాచిపెడతాయి. సూది పద్ధతిని కూడా వ్యాపారం వదల్లేదు. చెక్కిన పిడులతో, అయస్కాంతపు స్టాండ్లతో, గేర్లతో తిరిగే సూదుల గుత్తులు వేల రూపాయలకు అమ్ముతున్నారు. "ఇదంతా వేలంవెర్రి" అనేవాళ్ళు ఆ వస్తువుల గురించి అంటే వాళ్ళతో నాకు పేచీ లేదు. వస్తువు వెర్రిదైనంత మాత్రాన పని వెర్రిది కాదు.

ఉండలు అసలు ఎందుకు కడతాయన్న ప్రశ్నకూ ఇటీవల మంచి జవాబు దొరికింది. గ్రైండర్‌లో గింజలు విరిగేటప్పుడు, రాసుకునేటప్పుడు రేణువులకు స్థిర విద్యుత్తు అంటుకుంటుంది. దాని వల్లే పొడి మూతికి పట్టుకుంటుంది, ఎగిరి పడుతుంది, ఉండలు కడుతుంది. అగ్నిపర్వతాల బూడిదలో విద్యుత్తును పరిశీలించే శాస్త్రవేత్తలతో కలిసి ఓరెగన్ విశ్వవిద్యాలయంలో హెండన్ బృందం దీన్ని కొలిచి 2023 డిసెంబరులో ప్రచురించింది. ఆడించే ముందు గింజల మీద కొద్దిపాటి నీటి తడి చేరిస్తే విద్యుత్తు తగ్గిందని, అదే పొడితో తీసిన ఎస్‌ప్రెసో మరింత చిక్కగా వచ్చిందని తేల్చింది. ఇంట్లో ఒక చెంచా కాడ తడిపి గింజల్ని ఒకసారి కలిపితే చాలు. ఈ చిట్కా కూడా ఇంటి కాఫీవాళ్ళు ముందే కనిపెట్టి వాడుకుంటున్నదే, సైన్సు తర్వాత వచ్చి ముద్ర వేసింది.

సూది చేయలేని పనులూ చెప్పాలి, లేకపోతే ఇది కూడా ఇంకో అమ్మకపు మాటే అవుతుంది. చాలా చవక మిషన్లతో వచ్చే బాస్కెట్‌కి రెండు అడుగులుంటాయి, బయటి అడుగున ఒకే ఒక్క సూదిమొన రంధ్రం ఉంటుంది. పీడనం ఆ రంధ్రం దగ్గర పుడుతుంది గాని పొడి దగ్గర కాదు. అలాంటి దానిలో సూది పెట్టినా పెట్టకపోయినా పెద్ద తేడా రాదు. ముందు ఒకే అడుగున్న మామూలు బాస్కెట్ కొనండి. మిక్సీలో కొట్టిన పొడి, నెలల కిందట ఆడించి అమ్మిన పొడి సూదితో బాగుపడవు. రేణువుల్లో మరీ పెద్దవీ మరీ చిన్నవీ కలిసి పడే గ్రైండర్‌ను సూది మంచి గ్రైండర్‌గా మార్చదు. చేతిలో డబ్బుంటే అది మిషన్ కంటే ముందు గ్రైండర్ మీద పెట్టాలన్న మాట నిజమే. పొడి వదులుగా, ఉండల్లేకుండా, సమంగా రాల్చే మంచి గ్రైండర్ మీ దగ్గర ఉంటే సూది వల్ల వచ్చే మేలు తక్కువే.

ఒక అపోహ కూడా తీరాలి. సూది వాడితే మీరు ఇప్పటిదాకా తాగిన అత్యుత్తమ కప్పు కంటే గొప్ప కప్పు రాకపోవచ్చు. "నేను తేడా ఏమీ చూడలేదు" అనేవాళ్ళు తరచు ఒక మంచి షాట్‌ను ఇంకో మంచి షాట్‌తో పోలుస్తారు. తేడా అక్కడ కనిపించదు, చెడ్డ షాట్లు ఎన్ని తగ్గాయో లెక్క పెట్టినప్పుడు కనిపిస్తుంది. అదృష్టం కలిసొస్తే మంచి కప్పు ఎవరికైనా పడుతుంది. అదే కప్పు మర్నాడు మళ్ళీ పడాలంటే అదృష్టం చాలదు.

ఈ తేడా ఖర్చులోనూ తెలుస్తుంది. 250 గ్రాముల పొట్లంలో 18 గ్రాముల చొప్పున పదమూడు షాట్లే వస్తాయి, 16 గ్రాములు మిగులుతుంది. అందులో నాలుగు గండి పడి సింకులో పోస్తే పొట్లంలో దాదాపు మూడోవంతు పోయినట్టే. అది అరకు పొట్లమే అనుకోండి. సముద్రమట్టానికి 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున కొండవాళ్ళు పండిన పండు చూసి చేత్తో కోసిన అరబికా అది, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన పంట. చెట్టు దగ్గర ఒక్కో పండు ఏరిన శ్రమ వంటింట్లో పావు నిమిషం బద్ధకానికి బలి కావడం అన్యాయం.

నా మాట నమ్మనక్కర్లేదు, పరీక్షించి చూడండి. ఒకే పొట్లం, గ్రైండర్ మీద ఒకే గీత, తూకం వేసిన 18 గ్రాములు, కప్పులోకి 36 గ్రాములు దిగగానే ఆపడం. సగం షాట్లు సూది లేకుండా, సగం సూదితో తీయండి. రుచి సంగతి తర్వాత, ముందు ప్రతి షాటుకూ పట్టిన సెకన్లు కాగితం మీద రాయండి. రెండు వరుసల్లోనూ అతి తక్కువకీ అతి ఎక్కువకీ మధ్య ఎడం ఎంతో చూడండి. అడుగు లేని పోర్టాఫిల్టర్ దొరికితే ఇంకా మేలు. గండి పడినచోట పాలిపోయిన చార, పక్కకి చిమ్మే సన్నని ధార కళ్ళతోనే కనిపిస్తాయి. సూదితో తీసిన వరుసలోనూ సెకన్లు అలాగే గంతులేస్తుంటే అప్పుడు గ్రైండర్‌ను అనుమానించండి. గ్రైండర్ కూడా నిర్దోషి అని తేలితే అప్పుడు మిషన్ దగ్గరికి రండి. అమ్మేవాళ్ళు చెప్పే వరుస దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది, ఆ వరుసలో మొదటి మెట్టే అన్నిటికంటే ఖరీదైనది. కొత్త మిషన్‌కి డబ్బు కట్టే ముందు ఒక్క పొట్లం కాఫీ సూదితో తీసి చూడండి.